రెండు సెకన్ల మాట

నేను సెల్‌ఫోన్లు బాగుచేస్తాను. పగిలిన అద్దాలు మార్చడం, నీళ్ళలో పడ్డవాటిని ఆరబెట్టడం, చార్జి ఎక్కనివాటికి పిన్ను వేయడం, ఇదంతా పొట్టకూటికి. అసలు ఇష్టం వేరే ఉంది. ఫోను లోపల ప్రాసెసర్ అని గోరంత చిప్పు ఉంటుంది. దాన్ని ఎంత వేగంగా నడపాలో, ఏ వేగానికి ఎంత వోల్టేజీ పెట్టాలో తయారుచేసినవాళ్ళు ఒక పట్టిక రాసి లోపల పెడతారు. ఆ పట్టిక చూస్తే నా చేతులు ఊరుకోవు. ఎందుకంటే అది ఏ ఒక్క ఫోను కోసమో రాసింది కాదు. లక్ష చిప్పుల్లో అన్నిటికన్నా నీరసమైనది కూడా కళ్ళు తిరిగి పడకుండా ఉండాలని, అన్నిటికీ ఒకే గరిటెతో వడ్డించేస్తారు. మంచి చిప్పుకి అంత అక్కర్లేదు. ఎక్కువైనదంతా వేడి కింద పోతుంది, బ్యాటరీ ఊరికే అరిగిపోతుంది.

అందుకని నేను తగ్గిస్తాను. మెట్టుకి పాతిక మిల్లీవోల్టులు. తగ్గించి, గంటసేపు దానిచేత గొడ్డుచాకిరీ చేయించి, బతికి ఉంటే ఇంకో మెట్టు. ఎక్కడో ఒకచోట ఫోను బిగుసుకుపోతుంది. అక్కణ్ణుంచి రెండు మెట్లు వెనక్కి వచ్చి ఆగాలి. ఒకే రోజు ఒకే పెట్టెలోంచి తీసిన రెండు ఫోన్లు కూడా ఒకే మెట్టు దగ్గర ఆగవు. దేని తత్వం దానిదే, కూర్చుని కనిపెట్టాలి. వేగం కావాలంటే ఇదే పని తిరగేసి చేస్తాను. పరుగు పెంచి, దానికి తగ్గట్టు వోల్టేజీ కొసరి పెడతాను. ఒక్కో ఫోనుకి వారం పట్టినా విసుక్కోను. ఈ ఓపికలో పదో వంతు మనుషుల దగ్గర చూపిస్తే బాగుపడేవాణ్ణని మా ఆవిడ అనేది.

మా ఆవిడ సిటీ బస్సులో కండక్టరు. మా పరిచయం కూడా బస్సులోనే. ఒకరోజు ఫోను చూసుకుంటూ నా స్టాపు దాటిపోయాను. తప్పు నాదే అయినా, స్టాపు పేరు ఎందుకు చెప్పలేదని కండక్టరు మీదికి లేచాను. ఆవిడ టిక్కెట్లు కొట్టడం ఆపకుండా, "మూడుసార్లు అరిచాను. నాలుగోసారి ఫోను చేసి చెప్పాలేమో, నంబరివ్వండి," అంది. బస్సంతా గొల్లుమంది. సిగ్గుతో తల దించుకుని, ఏం తోచక, నిజంగానే నంబరిచ్చాను.

ఆవిడ నోటికి భయపడనివాళ్ళు మా ఇంట్లోనూ లేరు, వాళ్ళ డిపోలోనూ లేరు. కానీ ఎవరూ దూరం పెట్టలేదు. తిట్టినా నవ్వొచ్చేది. అందులో కిటుకేమిటని ఒకసారి అడిగితే, మాటలో ఏమీ లేదు, పడే సమయంలోనే ఉందంది. ఎదుటివాడు నోరు మూసేలోపు పడాలట. ఒక్క క్షణం ఆలస్యమైతే అదే మాట దెబ్బలాటవుతుందట. నేను సరేనని తలూపి నా పనిలో పడ్డాను. చిప్పుల గురించి ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే రాసి పెట్టుకునేవాణ్ణి.

ఆవిడకి సరిజోడు మా చెల్లెలు. రెండు వీధులవతల దర్జీ కొట్లో పని, మధ్యాహ్నం మా ఇంటికొచ్చి తింటుంది. వదినామరదళ్ళు ఇద్దరూ ఎదురుబొదురు కూర్చుంటే పళ్ళెంలో అన్నం ఎండిపోయేది. మధ్యలో నేను వెళ్తే ఇద్దరూ కలిసి నన్ను పట్టుకునేవారు. తల ప్రాణం తోకకొచ్చేది.

గొంతు బొంగురుపోయినప్పుడు, అరిచి అరిచి అలా అయిందనుకున్నాం. ఆరు నెలలు మందుబిళ్ళలతో గడిపాక పెద్దాసుపత్రిలో పరీక్ష చేసి, స్వరపేటికలో కంతి ఉందన్నారు. పేటిక మొత్తం తీసేయాలి. ఇకమీదట మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి. మాట ఉండదు. కండక్టరు విజిలు కూడా ఊదలేదు, నోట్లోంచి గాలి రాదు కాబట్టి.

ఆపరేషన్‌కి పది రోజులుందనగా అక్కడి నర్సు ఒక దారి చెప్పింది. మూడొందల యాభై వాక్యాలు చదివి ఫోనులోకి ఎక్కిస్తే, ఆ గొంతుని ఫోను నేర్చుకుంటుంది. తర్వాత ఏది టైపు చేస్తే అది ఆ గొంతుతోనే పలుకుతుంది. మేం పడగ్గదిలో గోడలకి దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ కూర్చున్నాం. వాళ్ళిచ్చిన వాక్యాలు చదువుతోంది: "ఒడ్డున తెల్లని పడవ ఉంది." "మా తోటలో పక్షులు వాలాయి." నలభయ్యోదానికి కాగితం కింద పడేసి, "వీటిలో ఒక్కటైనా నేను బతికుండగా అనే మాటేనా?" అంది. అయినా అన్నీ చదివింది. చివరి రోజుల్లో గొంతు జీరపోయి, ఒక్కో వాక్యం నాలుగుసార్లు చదవాల్సొచ్చింది.

ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చిన మూడోరోజు మొదటిసారి టైపు చేసి బొత్తాం నొక్కింది. ఏడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత ఫోనులోంచి ఆవిడ గొంతు, కాస్త పొడిగా, కానీ ఆవిడదే: "మెకానిక్కు గారూ, ఏడవకండి, సర్క్యూట్లు తడుస్తాయి." నేను ఇంకా ఏడ్చాను.

ఆ ఏడు సెకన్లే మమ్మల్ని చంపాయి. గొంతుని అక్షరం అక్షరం అల్లడం పెద్ద పని. మాది పాత ఫోను, చిప్పుకి అంత సత్తువ లేదు. ఇంకో ఫోనులోకి మారుద్దామంటే కుదర్లేదు. గొంతు ఏ ఫోనులో తయారైతే ఆ ఫోనుకే తాళం వేశారు, ఆ తాళం తీయాల్సిన కంపెనీ మూతబడింది. "నీళ్ళు కావాలి", "నొప్పిగా ఉంది" లాంటి పది మాటలకి బొత్తాలున్నాయి, అవి టక్కున పలుకుతాయి. వాటిని చూసి పెదవి విరిచింది. ఎదురు సమాధానం ముందే రాసి పెట్టుకోవడం ఎవరి తరం?

ఒక మధ్యాహ్నం మా చెల్లెలు జుట్టు కత్తిరించుకుని వచ్చింది. మా ఆవిడ కళ్ళు మెరిశాయి, గబగబా టైపు చేసి నొక్కింది. ఈలోపు చెల్లెలు కూర్చుని, నీళ్ళు తాగి, వాళ్ళ యజమాని తల్లి పోయిన సంగతి ఎత్తుకుంది. "పొద్దున్నే లేపుదామని చూస్తే లేదట పాపం, నిద్రలోనే," అంటూ కళ్ళొత్తుకుంటోంది. అప్పుడు ఫోను, "ఎవరు కొరికారే, ఎలుకా?" అంది.

చెల్లెలు ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత తలమీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు. ఫోను బోర్లించి పెట్టేసింది.

ఆ రాత్రే ఫోను తీసుకుని కూర్చున్నాను. నాకొచ్చిన విద్య అదొక్కటే కదా. ఒక్కో మెట్టూ పెంచుకుంటూ, అదనపు వోల్టేజీ కొసరుతూ, ఫ్యాక్టరీ ఇచ్చిన వేగానికి మూడో వంతు పైకి తీసుకెళ్ళాను. మంచి చిప్పు, తట్టుకుంది. గొంతు అల్లే ప్రోగ్రాముకి మిగతావన్నీ అడ్డు తప్పించాను. వారం తిరిగేసరికి ఏడు సెకన్లు రెండయ్యాయి. రెండు సెకన్లంటే మనుషులు ఆగుతారు. గ్లాసు కింద పెట్టేంత సేపు, ముక్కు తుడుచుకునేంత సేపు. ఇల్లు మళ్ళీ ఇల్లయింది. ఫోను కాలిపోతుంటే తడి జేబురుమాలులో చుట్టి పట్టుకునేది. చెల్లెలు గుమ్మంలో అడుగుపెట్టేలోపే తగిలేది మాట.

కానీ ఆ పరుగుకి బ్యాటరీ మూడు గంటలు కూడా రాలేదు. చార్జికి పెట్టి మాట్లాడదామంటే రెండు వేడులూ కలిసి ఫోను తనంతట తనే నెమ్మదించేది. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే పదకొండుకల్లా మాట అయిపోయేది. మళ్ళీ నిండేదాకా రెండు గంటలు గోడవైపు చూస్తూ కూర్చోవడమే.

అలాంటి ఒక ఖాళీ వేళలోనే స్నానాలగదిలో జారిపడింది. ఫోను హాల్లో చార్జికుంది. అరవడానికి గొంతు లేదు. ముంజేయి విరిగి, తడి నేలమీద గంటన్నర పడి ఉంది, మా చెల్లెలు వచ్చేదాకా. ఫోను అందలేదు కాబట్టి పిలవలేకపోయింది. అందినా అందులో చార్జి లేదు. నా కళ్ళముందు ఆ రెండోదే నిలబడిపోయింది.

నాకు భయమేసింది. భయమేస్తే నాకు కోపమొస్తుంది, కోపమొస్తే ఎవర్నీ అడగను. ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం ఆవిడ పడుకోగానే ఫోను పట్టిక మొత్తం తిరగరాయడానికి కూర్చున్నాను. ఉత్తగా వోల్టేజీ తగ్గిస్తే అరగంటో ముప్పావుగంటో కలిసొస్తుంది, నాకది చాలదు. వేగం సగానికి కోశాను, ప్రతి మెట్టుకీ వోల్టేజీ అడుక్కి దించాను. నాలుగు రోజులు పట్టింది. చివరికి పదకొండు గంటలు వచ్చింది. అంత పాత ఫోనులో పదకొండు గంటలంటే మాటలు కాదు. మాట పలకడానికి ఎనిమిది సెకన్లు పట్టేది, నిజమే. మొదటికన్నా ఒక సెకను ఎక్కువ.

మొదటి వాక్యం పలకగానే ఆవిడకి తెలిసిపోయింది. "మెకానిక్కు గారూ, ఇందులో ఎవరో ముసలావిడ దూరింది," అనిపించింది ఫోనుచేత.

ఆవిడ జారిపడడం గురించి చెప్పాను, ఆసుపత్రి గురించి చెప్పాను, పొద్దుగూకేదాకా మాట చేతిలో ఉంటుందని చెప్పాను. "ఆలస్యమైతేనేం, మాట చేరుతుంది కదా," అన్నాను.

ఆవిడ విరగని చేత్తో ఏదో టైపు చేసింది. కొట్టుకి వేళవుతోందని చెప్పులు వేసుకుని గుమ్మం దాటాను. అప్పుడు వెనకనుంచి ఫోను అంది, "చేరదు."

విన్నాను. వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు నేను చాలా సంతోషంగా ఉన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ ఉన్నాను. సాయంత్రం ఇంటికెళ్ళగానే మొదట బ్యాటరీ చూసేవాణ్ణి. మొదటి వారం సాయంత్రానికి పాతిక శాతం మిగిలేది. రెండో నెలకి నలభై. తర్వాత అరవై. నేను ఏమీ మార్చకుండానే రోజురోజుకీ మెరుగవుతోంది. చిప్పు కొత్త పట్టికకి అలవాటుపడిందనుకున్నాను. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, చిప్పులు అలవాటుపడవని తెలిసినవాణ్ణి, అలా అనుకున్నాను. "చూశావా, ఇవాళ అరవై నాలుగు," అని చూపిస్తే ఆవిడ బొటనవేలు ఎత్తేది.

ఇంకొక నిజం కూడా చెప్పేస్తాను. ఇల్లు ప్రశాంతంగా ఉందనిపించింది. జబ్బు మనిషిని నెమ్మదింపజేసిందనుకున్నాను. చెల్లెలు రావడం కూడా తగ్గింది. కొట్లో పనెక్కువై ఉంటుందనుకున్నాను.

మాలాంటి పిచ్చివాళ్ళం రాసుకునే గ్రూపు ఒకటుంది. ముఖాలు తెలియవు, మారుపేర్లే. అక్కడ నా బ్యాటరీ గ్రాఫు పెట్టాను. సాయంత్రానికి ఎనభై రెండు శాతం. ఆహా ఓహో అన్నారు, పట్టిక ఇవ్వమన్నారు. వాళ్ళలో మైనస్‌వంద అని ఒకాయన ఉన్నాడు, ఎవర్నీ పొగడడు. ఆయన ఒక్క ముక్క రాశాడు: "ఫోను ఊరికే పడుకున్నా ఇంతకన్నా మిగలదు. ఇందులో పని జరుగుతోందా? ఏ ప్రోగ్రాము ఎన్నిసార్లు నడిచిందో ఆ చిట్టా పెట్టండి."

నాకు ముక్కుమీద కోపం. వీడికి బుద్ధి చెబుదామని మర్నాడు పొద్దున్న బయల్దేరేముందు ఆవిడ ఫోనులోని చిట్టా పెన్‌డ్రైవులోకి లాగి, పది గంటలప్పుడు కొట్లో కస్టమర్లని ఆపి మరీ తెరిచాను.

గొంతు ప్రోగ్రాము పేరు పక్కన రోజువారీ సంఖ్యలు. వేగం పెంచిన రోజుల్లో రెండొందల నలభై, రెండొందల అరవై. తగ్గించిన మర్నాడు తొంభై. వారం పోయాక ముప్ఫై ఒకటి. తర్వాత పద్నాలుగు. తొమ్మిది. నాలుగు. నిన్న రెండు. ఆ రెండూ నాకు తెలుసు. ఒకటి "తిన్నారా". ఇంకోటి "లైటు తీసేయండి".

నా పట్టిక ఏమీ మిగల్చలేదు. ఆవిడ మాట్లాడ్డం మానేసింది, అందుకని బ్యాటరీ మిగిలింది. నేను రోజూ ఇంటికొచ్చి ఆ మౌనాన్ని శాతాల్లో చదివి ఆవిడకే చూపించి మెచ్చుకోమన్నాను.

పక్కన ఇంకో వరస ఉంది. రద్దులు. అంటే బొత్తాం నొక్కాక, గొంతు పలికేలోపే ఆపేసినవి. తొంభై మాట్లాడిన రోజు అరవై ఒక్క రద్దులు. ముప్ఫై ఒకటి మాట్లాడిన రోజు నలభై. ఏం టైపు చేసిందో ఉండదు, వేళ మాత్రం ఉంటుంది. నొక్కిన ఐదో సెకనులో ఒకటి, ఆరో సెకనులో ఒకటి. మాట తయారయ్యేసరికి ఎదుటివాళ్ళు ఇంకెక్కడికో వెళ్ళిపోయారని చూసి, నోటిదాకా వచ్చినదాన్ని మింగేసినట్టు, ఆపేసింది. వాటిలో చాలా రద్దులు రాత్రి భోజనాల వేళవి. ఎదురుగా కూర్చున్నవాణ్ణి నేనే.

ఒక వేళ దగ్గర నా వేలు ఆగిపోయింది. పది రోజుల కిందట, పదకొండు నలభై. ఆ వేళకి మేం ఆసుపత్రిలో ఉన్నాం. జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకిందని, ఇక చేసేది పెద్దగా లేదని పెద్ద డాక్టరు మాకిద్దరికీ అప్పుడే చెప్పాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. ధైర్యమనుకున్నాను, లోపల గర్వపడ్డాను కూడా. అక్కడ ఒక రద్దు ఉంది. ఏడో సెకనులో. అప్పటికి డాక్టరు లేచి, తర్వాతివాళ్ళని పంపమని తలుపు దగ్గర చెబుతున్నాడు.

కొట్టు షట్టరు దించి ఇంటికెళ్ళాను. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని వీధిలో బస్సులు చూస్తోంది. ఇంత పెందరాళే వచ్చానేమని కనుబొమలు ఎత్తింది. నేను కింద కూర్చుని మొత్తం చెప్పాను. అంకెలతో సహా చెప్పాను, నాకింకెలా చెప్పాలో తెలియదు. క్షమించమని కూడా అడిగాను. ఆవిడ నా చెవిదగ్గర అంటుకున్న మసి తుడిచింది.

పెళ్ళయ్యాక మొదటిసారి ఆవిడ ఫోను గురించి ఆవిడని అడిగాను. "వేగంగా పెడితే రోజుకి మూడు గంటలే వస్తుంది. చిప్పు ఆ వేడికి ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. మెల్లగా పెడితే ఇంకా ఏళ్ళు వస్తుంది. ఎలా పెట్టమంటావు?"

టైపు చేసింది. ఎనిమిది సెకన్లు ఇద్దరం ఫోనువైపే చూస్తూ కూర్చున్నాం.

"నేను రానుగా," అంది ఫోను.

నేను ఏడ్చాను. ఆవిడ నన్ను ఏడవనిచ్చి, ఇంకోటి టైపు చేసింది. మళ్ళీ ఎనిమిది సెకన్లు. "పడితే గంట కొడతాను. గంట కొట్టడం నాకొచ్చు. ఫోను మాత్రం కబుర్లకి ఉంచండి."

అంత చిన్న సంగతి నాకు తట్టలేదు. చిప్పుల్లో మిల్లీవోల్టులు వెతికినవాడికి గంట తట్టలేదు. ఆ సాయంత్రమే మూడు సైకిలు గంటలు తెచ్చి, ఒకటి మంచానికి, ఒకటి కుర్చీకి, ఒకటి స్నానాలగదిలో నేలకి జానెడు ఎత్తులో బిగించాను. బస్సు లెక్కే: ఒకసారి కొడితే ఆగమని, అంటే రమ్మని. రెండుసార్లు కొడితే పోనివ్వమని.

ఫోను అంత తేలిగ్గా లొంగలేదు. పాత వేగం పెడితే బిగుసుకుపోయింది. వేడికి చిప్పూ ముసలిదయింది, బ్యాటరీ ఉబ్బింది. కొత్త బ్యాటరీ వేశాను. వెనక మూత తీసేసి రాగి రేకు అంటించాను. వోల్టేజీ ఫ్యాక్టరీ గీత దాటించి పెట్టాను, ఆ పని చేసినవాణ్ణి ఇంకెవణ్ణయినా చూస్తే గడ్డి పెట్టేవాణ్ణి. మూడోరోజు మధ్యాహ్నానికి మళ్ళీ రెండు సెకన్లకి వచ్చింది. చెల్లెలికి ఫోను చేసి, ఉన్నపళాన రమ్మన్నాను.

చెల్లెలు కంగారుగా వచ్చింది, చేతిలో కొలతల టేపు అలాగే ఉంది. గుమ్మంలో ఆగి వదినని చూసి, "ఇంత చిక్కిపోయావేమిటి వదినా," అంది.

"నువ్వు దాచావుగా, ఇద్దరికీ సరిపడా," అంది ఫోను.

చెల్లెలు నోరు తెరిచి నావైపు చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అక్కడే గోడకి జారగిలబడి భోరుమంది. తను మాట్లాడేవన్నీ గాలిలో పడిపోతుంటే, వదినకి తనమీద మనసు విరిగిందనుకుని రావడం మానేశానని ఏడుస్తూనే చెప్పింది. మా ఆవిడ రాగి రేకు చుట్టూ తడి రుమాలు సర్ది, "ముందు ఆ టేపుతో ముక్కు తుడుచుకోకు," అంది. ఆ రోజు ఇద్దరూ బ్యాటరీ అయిపోయేదాకా ఒకరినొకరు వదల్లేదు. నేను వంటింట్లో నిలబడి విన్నాను.

ఐదు వారాలు అలా సాగింది. పొద్దున మూడు గంటలు, రెండు గంటలు చార్జి, మధ్యాహ్నం ఓపికున్నంత సేపు. డిపో నుంచి డ్రైవర్లు వచ్చారు, తలంట్లు పోయించుకుని సంతోషంగా వెళ్ళారు. నాకూ పడ్డాయి. నెలల తరబడి మింగినవి ఒక్కొక్కటే బయటికొచ్చాయి, ఏ తేదీన ఏ సందర్భమో గుర్తుపెట్టుకుని మరీ. వాటికి నవ్వొచ్చింది కూడా.

ఆసుపత్రిలో రద్దుచేసిన మాటేమిటని ఒకరోజు అడిగాను.

"ఇంకెన్ని స్టాపులండీ అని అడుగుదామనుకున్నా. ఆయన దిగిపోయాడు," అంది.

ఇంకోరోజు ఆవిడే అడిగింది. "ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నారు కదూ?"

అవునన్నాను. ఆవిడ వేళ్ళు ఫోనుమీద ఆగి ఉన్నాయి. రెండు సెకన్లు దాటాయి, పది దాటాయి. అది ఫోను చేసిన ఆలస్యం కాదు. చివరికి ఏమీ టైపు చేయకుండా నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

చివరి నాలుగు రోజులు వేళ్ళు అక్షరాలమీద నిలవలేదు. ఫోను పక్కనే నిండా చార్జితో పెట్టి ఉంచాను. గంట మాత్రం కొట్టేది. ఒకసారి కొడితే నేనో చెల్లెలో వెళ్ళేవాళ్ళం. ఆఖరి రోజు పొద్దున నేను మంచం పక్కన కూర్చుని ఉండగా రెండుసార్లు కొట్టింది. కొట్టుకి వెళ్ళమని. వెళ్ళనన్నాను. కళ్ళు మూసుకునే మళ్ళీ రెండుసార్లు కొట్టింది, విసుగ్గా. బస్సు ఇక్కడే ఆగుతుందన్నాను. పెదవి కొస కదిలింది. దానికి ఏదో సమాధానం ఉందని నాకు తెలుసు. మధ్యాహ్నం పన్నెండున్నరకి పోయింది.

ఆవిడ ఫోను ఇప్పుడు నా కొట్లో, పని బల్లమీద ఉంది. ఏది టైపు చేసినా ఆవిడ గొంతుతో పలుకుతుంది కాబట్టి వినాలనుంటే వినచ్చని చెల్లెలు అంది. నేను ఏమీ టైపు చేయలేదు. అవి నా మాటలవుతాయి, నా మాటలు వినడం నాకు పెద్ద ఇష్టం లేదు. వేగం కూడా తగ్గించలేదు. ఆవిడ ఉన్నప్పుడు ఎంతుందో అంతే ఉంది, అదే పట్టిక, అదే వోల్టేజీ, మూడు గంటల్లో బ్యాటరీ తాగేసే పరుగు.

గ్రూపులో మైనస్‌వంద మొన్న మళ్ళీ రాశాడు, ఆ ఫోను సంగతి ఏమైందని, ఇప్పుడు బ్యాటరీ ఎంతసేపు వస్తోందని. జవాబు టైపు చేసి, పంపేలోపే చెరిపేశాను.

నాలుగు రోజులు వస్తోంది.